జాన్ గ్రియర్సన్

చలనచిత్రము వినోదమునకే యని పలువురు తలచుచుండిన దినములలో, అది పౌరులకు విద్య గరపు సాధనము కూడ కాగలదని నిరూపించినవారిలో జాన్ గ్రియర్సన్ అగ్రగణ్యుడు.

ఇతడు 1898వ సంవత్సరమున స్కాట్లండులో నొక ఉపాధ్యాయుని యింట జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున, సముద్రములో శత్రువు లమర్చిన మైనులను తొలగించు ఓడలపై పనిచేసెను. పిదప గ్లాస్గో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివి, అమెరికాకు పోయి, పత్రికలును చలనచిత్రములును ప్రజాభిప్రాయము నెట్లు మలచుచున్నవో పరిశీలించెను. 1929లో ‘డ్రిఫ్టర్స్’ అను చిత్రమును వెలువరించెను. అందు రాజులు లేరు, రాణులు లేరు. ఉత్తర సముద్రమున వల లాగు జాలరులే నాయకులు. వాస్తవ జీవితమును చూపు నిట్టి చిత్రములకు డాక్యుమెంటరీ యను పేరు వ్యాప్తి చెందుటకు ఇతడు ముఖ్యకారకుడు.

1938లో కెనడా ప్రభుత్వ మాతని సలహా కోరెను. దాని ఫలితముగ 1939 మే నెలలో జాతీయ చలనచిత్ర మండలిని స్థాపించు చట్టము వెలసెను. సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. అక్టోబరులో గ్రియర్సన్ మండలికి తొలి అధిపతి యయ్యెను. అనుభవజ్ఞులు కొలదిమందియే యుండుటచే, ఆతడు బ్రిటనునుండి నిపుణులను రప్పించి, కెనడా యువతీయువకులకు పని నేర్పించెను. 1945 నాటికి సిబ్బంది సంఖ్య 800కు చేరువయ్యెను. 500కు పైగా చిత్రములు వెలువడెను. వానిలో ‘చర్చిల్స్ ఐలండ్’ డాక్యుమెంటరీలకు తొలిసారిగా నిచ్చిన ఆస్కార్ బహుమానమును పొందెను.

సినిమాహాళ్లు లేని పల్లెలనుగూడ ఆతడు మరువలేదు. 1942 నుండి మండలి ఉద్యోగులు ప్రొజెక్టరును, తెరను వెంటగొని ఊరూర తిరిగి, పాఠశాలలలోను చర్చిలలోను చిత్రములు చూపిరి. ప్రదర్శనానంతరము గ్రామస్థులు తాము చూచినదానిని గూర్చి చర్చించుకొనుటయు కలదు.

ప్రభుత్వ ధనముతో తీసిన చిత్రము ప్రభుత్వము మెచ్చు మాటనే పలుకవలెనా? 1945లో ఈ చిక్కు ఎదురయ్యెను. బాల్కను దేశములను గూర్చిన యొక చిత్రము బ్రిటిషు విధానమును విమర్శించుచున్నదని ప్రభుత్వము దానిని ఉపసంహరింపజేసెను. యుద్ధము ముగిసిన యా సంవత్సరముననే గ్రియర్సన్ పదవి విడిచెను. 1946లో నొక గూఢచర్య విచారణలో ఆతనిని ప్రశ్నించిరి. నేరమేదియు రుజువు కాలేదు. అయినను అనుమానము వెంటాడి, అమెరికాలో పనిచేయు అవకాశ మాతనికి దక్కలేదు.

గ్రియర్సన్ 1972లో మరణించెను. ఆతడు పెంచిన మండలి నేటికిని చిత్రములు నిర్మించుచున్నది. సాధన మెంత శక్తిమంతమో, దానిని చేపట్టినవాని బాధ్యతయు నంత గురుతరమని యీతని జీవితము బోధించుచున్నది.