ఆంధ్ర భీముడు దండమూడి రాజగోపాలరావు

ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో పాత చలనచిత్రముల నెరిగిన పెద్దలను ‘నర్తనశాల’లో భీముడెవరని అడిగినచో, దండమూడి రాజగోపాలరావుగారి పేరు చెప్పుదురు. కాని ఆ భుజబలము వేషముతో వచ్చినది కాదనియు, అంతకు పూర్వమే అది దేశమునకు పతకమును తెచ్చినదనియు నేటి విద్యార్థులలో ఎందరికి తెలియును?

కొల్లేటికి నైరుతి దిశగా, కృష్ణా డెల్టాలో ఉయ్యూరు చెంతనున్న గండిగుంటలో 1916లో వారు జన్మించిరి. సాముగరిడీలు, కుస్తీలు మన పల్లెలకు కొత్తవి కావు. ఇనుపకడ్డీకి ఇరువైపుల బరువులు తగిలించి, నియమము తప్పక తలపైకెత్తు వెయిట్‌లిఫ్టింగు మాత్రము ఆనాడు మనవారికి కొత్తవిద్య. రాజగోపాలరావుగారు ఆ విద్యను చేపట్టి జాతీయ విజేతలైరి. ‘ఆంధ్ర భీమ’ అని జనులు పిలిచిరి.

ఆ కాలమున పోటీదారుడు మూడు విధముల బరువు నెత్తవలెను. ప్రెస్‌లో కడ్డీని భుజముల వద్ద నిలిపి, మోకాళ్లు వంచక, చేతుల బలముతోనే పైకి నెట్టవలెను. స్నాచ్‌లో నేలనుండి ఒక్క ఊపున తలపైకి చేర్చవలెను. క్లీన్ అండ్ జెర్క్‌లో మొదట భుజములకు, పిదప తలపైకి ఎత్తవలెను. ఈ మూడింటి మొత్తమే ఫలితము.

1948లో, తమ ముప్పదిరెండవ ఏట, వారు లండన్ ఒలింపిక్ క్రీడలలో హెవీవెయిట్ తరగతిలో పాల్గొనిరి. అందు అమెరికా వీరుడు జాన్ డేవిస్ మొత్తము 452.5 కిలోలెత్తి గెలిచెను. భారతవీరునకు పతకము రాలేదు. అయినను వారు విద్యను విడువలేదు. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు కాంస్యపతకమును గెలుచుకొనిరి.

నలుబది ఏండ్లు దాటిన పిమ్మట, 1963లో, ‘నర్తనశాల’ వారిని ఇంటింటివారిని చేసినది. కీచకుడుగా నటించిన ఎస్.వి.రంగారావుగారు నూజివీడున జన్మించినవారు. ఆ ఊరు 2022 నుండి ఏలూరు జిల్లాలో నున్నది. కొల్లేటి పరిసరముల బిడ్డలిద్దరు తెరపై అట్లు తలపడిరి.

రాజగోపాలరావుగారు 1981లో దివంగతులైరి. అంతకుముందే, 1972 ఒలింపిక్స్ పిదప, ప్రెస్‌ను పోటీలనుండి తొలగించిరి. అది న్యాయముగా ఎత్తినదా కాదా యని తేల్చుట కష్టమాయెను. కావున వారి నాటి మొత్తములను నేటి లెక్కలతో పోల్చుటకు వీలులేదు. విజయవాడలోని ఇండోర్ స్టేడియము మాత్రము వారి పేరు మోయుచున్నది.

2000లో సిడ్నీయందు మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యమును సాధించినది. ఆ కథ చెప్పు ఉపాధ్యాయులు, దానికి ముందు 1951 నాటి ఢిల్లీ కాంస్యమును కూడ చెప్పుదురుగాక. భీముని వేషము జ్ఞాపకమున్న మనకు, ఆ మనిషి నిజముగా ఎత్తిన బరువును మరచుట తగదు.