యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. వారిది బీద కుటుంబం. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో చనిపోయారు. ఈ జబ్బు వస్తే తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. తర్వాత ఆయనకూ అదే జబ్బు చేసింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

మద్రాసులో వైద్యం చదివి, భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డులో చాలాకాలం పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం కోసం వెతికింది. దాన్ని కొలవడానికి వాడినది ఒక బాక్టీరియా. పాలను తోడుపెట్టే బాక్టీరియాకు అది దగ్గరి చుట్టమే! ఫోలిక్ ఆమ్లం దొరికితేనే అది పెరుగుతుంది, దొరకకపోతే పెరగదు. 1945 నాటికి ఈ విటమిన్‌ను తయారుచేయగలిగారు. స్ప్రూ రోగులకు అది మందయింది.

1948లో ఆయన విభాగం నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. 1950లో అదే కంపెనీ శాస్త్రవేత్తలు, ఈ మందును మేతలో కొద్దిగా కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతాయని ప్రకటించారు. ఆ అలవాటు చాలా దేశాలకు పాకింది. మందుకు లొంగని క్రిములు పెరుగుతాయన్న భయంతో యూరోపియన్ యూనియన్ 2006లో దీనిని నిషేధించింది. దాని బదులు మేతలో మేలుచేసే బాక్టీరియాను, అంటే ప్రోబయాటిక్స్‌ను, వాటికి ఆహారమయ్యే పీచును, అంటే ప్రీబయాటిక్స్‌ను కలపడం పెరిగింది. పెంపుడు కుక్కకు యాంటీబయాటిక్ వేశాక విరేచనాలు పట్టుకుంటే కొందరు పశువైద్యులు వీటినే ఇస్తుంటారు.