లూథరు కోరిన కాపుదల

1505వ సంవత్సరము జూలై 2వ తేదీ. జర్మనీ దేశమున ఎర్ఫర్టు నగరమునకు చేరువగా, స్టాటర్న్‌హైమ్ అను గ్రామము దగ్గర, 21 ఏండ్ల విద్యార్థి యొకడు తల్లిదండ్రులను చూచి విశ్వవిద్యాలయమునకు మరలి వచ్చుచుండెను. ఆకాశమున కారుమబ్బులు క్రమ్మెను. సమీపముననే పిడుగు పడెను. ప్రాణభయముతో వణకిన ఆ యువకుడు, గని పనివారు తమ కాపుదలకై వేడుకొను పునీత అన్నమ్మను తలచి, తాను బ్రదికినచో సన్న్యాసి నయ్యెదనని మ్రొక్కుకొనెను. 15 దినములలో మఠమున చేరెను. అతడే మార్టిన్ లూథరు.

పిడుగు తప్పినను భయము మాత్రము తప్పలేదు. ఉపవాసములు, జాగరణములు ఎన్ని చేసినను దేవుడు అతనికి దండింప నెంచిన న్యాయాధిపతిగనే తోచెను. పిదప విటెన్‌బర్గు విశ్వవిద్యాలయమున బైబిలును బోధించుచు, బోధించుటకై లోతుగా చదువుచు, దేవుని కృప మ్రొక్కుబడికి మారుగా లభించునది కాదనియు, ఉచితముగా ఒసగబడునదనియు గ్రహించెను.

1517 అక్టోబరు 31న పాపపరిహార పత్రముల విక్రయమును ప్రశ్నించుచు 95 వాదములను వెలువరించినది మొదలు ఆయనను అపాయములు చుట్టుముట్టెను. 1521లో వర్మ్స్ నగరమున చక్రవర్తి ఐదవ ఛార్లెసు ఎదుట తన వ్రాతలను ఉపసంహరించుకొనుటకు నిరాకరించెను. ఆయనకు చట్టరక్షణ లేకుండ జేయు శాసనము వెలువడక పూర్వమే, సాక్సనీ ప్రభువు ఫ్రెడరిక్ తన భటులచే ఆయనను త్రోవలో అపహరింపజేసి వార్ట్‌బర్గు కోటలో దాచెను. దొంగలవలె వచ్చినవారే ఆయనకు రక్షకులైరి. ఆ అజ్ఞాతవాసమును లూథరు వ్యర్థపుచ్చక క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి అనువదించెను.

ఆయన ప్రార్థనకు కఠినమైన పరీక్ష 1527లో వచ్చెను. విటెన్‌బర్గులో ప్లేగు ప్రవేశించెను. విశ్వవిద్యాలయము యేనా నగరమునకు తరలిపోయెను. లూథరును కూడ వెళ్లుమని ప్రభువు ఆదేశించెను. ఇంట భార్య కేథరీన్ గర్భవతి. కుమారుడు హాన్సు పసివాడు. అయినను రోగులను విడిచిపోవుటకు ఆయన మనసొప్పలేదు. ఆయన ఇల్లే వైద్యశాల యయ్యెను. ప్లేగునుండి పారిపోవచ్చునా యని వేరొక నగరపు బోధకులు అడిగిన ప్రశ్నకు ఆ దినములలోనే సమాధానము వ్రాసెను. దాని సారమిది: ప్రాణమును కాపాడుకొన గోరుట పాపము కాదు, రోగులకు దిక్కున్నచో తక్కినవారు వెళ్లవచ్చును. కాని బోధకుడు, అధికారి, ఇతరుల పోషణభారము వహించినవాడు తన స్థానమును విడువరాదు. దేవుడే కాచునని మందు మాని, నిష్కారణముగా రోగుల నడుమ తిరుగుట విశ్వాసము కాదు, దేవుని శోధించుట. కాపుదలకై ప్రార్థింపవలెను, మందు పుచ్చుకొనవలెను, ఇంట ధూపము వేయవలెను. పొరుగువానికి అక్కర కలిగినచో వెనుదీయక వెళ్లవలెను.

1529లో ఆయన గృహస్థులకొరకు చిన్న ప్రశ్నోత్తరిని ప్రకటించెను. అందు ఉదయము లేచినప్పుడును, రాత్రి పరుండబోవునప్పుడును చేయదగిన రెండు చిన్న ప్రార్థనలు చేర్చెను. గడచిన రాత్రి కాచినందుకు కృతజ్ఞత, రానున్న పగలు పాపమునుండియు కీడునుండియు కాపాడుమను వేడికోలు, దేహమును ఆత్మను దేవుని చేతికి అప్పగించుట, దేవదూత తోడుండవలెనను కోరిక, ఇంతే అందలి విషయము. అటుపై సంతోషముతో పనికి పొమ్మనియు, రాత్రియైనచో నిశ్చింతగా నిద్రింపుమనియు సూచించెను. 1842లో హయ్యరు అను మిషనరీ గుంటూరు చేరుటతో లూథరను సంప్రదాయము మన ఆంధ్రదేశమునను వేరూనెను.

కాపుదల కోరిన ఇంట దుఃఖము అడుగిడ లేదని కాదు. ప్లేగు దినములలో గర్భమున నున్న ఎలిజబెత్ ఎనిమిది మాసములైనను నిండక 1528లో మరణించెను. 1542లో 13 ఏండ్ల మగ్దలేనా తండ్రి చేతులలోనే కన్ను మూసెను. ప్రార్థన మానుటకు ఆయన దీనిని కారణముగా గొనలేదు. అయితే ఆ ప్రార్థన ఆయన హృదయమును అన్నివైపుల విశాలపరుపలేదని కూడ చెప్పవలసియున్నది. 1543లో యూదుల ప్రార్థనాలయములను కాల్చుమని, వారి ఇండ్లను కూల్చుమని ఆయన వ్రాసెను. తన ఇంటికి కోరిన కాపుదలను వారి ఇండ్లకు కోరలేకపోయెను. ఆయన జీవితమును చదువువారు ఈ కళంకమును మరువరాదు.

1546 జనవరిలో, వ్యాధిగ్రస్తుడై యుండియు, మాన్స్‌ఫెల్డు ప్రభువుల తగవు తీర్చుటకై లూథరు చలికాలమున ప్రయాణమయ్యెను. దారిలో వరదనీరు అడ్డగించినను వెనుకకు మరలలేదు. సంధి కుదిర్చి, ఫిబ్రవరి 18న తాను పుట్టిన ఐస్లెబెన్ పట్టణముననే, తన ఆత్మను దేవునికి అప్పగించుకొని మరణించెను. పిడుగునకు వెరచి మ్రొక్కుకొన్న నాడు ఆయన అడిగినది ప్రాణము. చివరి రాత్రి ఆయన ఏ బేరమును చేయలేదు. ప్రతి రాత్రియు పరుండబోవుచు చేసిన పనినే మరియొకసారి చేసెను.