చీకటి పడ్డాక తెరిచే బడి: బ్రదర్ స్కూబిలియన్ జీవితం



బడులు నడపడమే పిలుపుగా పెట్టుకున్న లసాల్ బ్రదర్స్ సభ పేరు మీలో కొందరు విని ఉంటారు. పునీత జాన్ బాప్టిస్ట్ డి లసాల్ 1680 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని రైమ్స్ పట్టణంలో పేదపిల్లల కోసం దాన్ని మొదలుపెట్టారు. వీరు గురువులు కారు, పెళ్లి చేసుకోరు, పాఠం చెప్పడమే వీరి పరిచర్య. ఆ సభలో హతసాక్షులూ ఉన్నారు. 1792లో పారిస్‌లో చంపబడిన సొలొమోన్ లెక్లెర్క్ ఒకరు. 1934లో స్పెయిన్‌లోని తురోన్‌లో ఎనిమిదిమంది బ్రదర్లను కాల్చి చంపారు. అయినా ఈసారి హతసాక్షి కాని ఒకరి గురించి రాస్తున్నాను. డ్యూటీ దిగి, కాళ్లు లాగుతుంటే బస్సులో కూర్చుని క్యాంపుకు చేరే మనవాళ్లకు ఈయన దగ్గరివాడు.

ఆయన అసలు పేరు జాన్ బెర్నార్డ్ రూసో. 1797 మార్చి 22న ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టారు. తండ్రి రాళ్లు చెక్కే పనివాడు. సొంత ఊళ్లోనే పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతూ ఉండి, 1822లో పారిస్ వెళ్లి సభలో చేరారు. అక్కడ పెట్టిన పేరే స్కూబిలియన్. పదేళ్లు ఫ్రాన్స్‌లో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పించారు. 1833లో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ ద్వీపానికి వెళ్లారు. అప్పట్లో దాన్ని బూర్బన్ దీవి అనేవారు.

ఆ పేరు మనకూ కొత్తది కాదు. ఆయన వెళ్లడానికి ముందే, 1828లో, యానాం నుంచి తెలుగువాళ్లను చెరకు తోటల్లో కూలికి అక్కడికి తీసుకెళ్లారు.

కానీ ఆ తోటలు ఎక్కువగా నడిచింది బానిసల చెమటతో. పగలంతా బడిలో పిల్లలకు చెప్పాక, రాత్రిపూట బానిసలకు చెప్పడం మొదలుపెట్టారు బ్రదర్ స్కూబిలియన్. పొద్దు పొడవకముందే పొలానికి వెళ్లి, ఒళ్లు హూనమై తిరిగొచ్చిన మనుషులు వాళ్లు. అక్షరం ముక్క రానివాళ్లు. వాళ్లకు చదువెందుకని యజమానులు గొణిగేవారు. ఒక్కొక్కరినీ ఒప్పించుకోవాల్సి వచ్చేది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పిస్తే ఆ అలసటలో ఎవరికీ ఎక్కదు కదా! అందుకే పాఠాన్ని వాళ్ల మాటల్లోకి, వాళ్లకు అందేంత చిన్నగా మార్చుకున్నారు. నా మట్టుకు నాకు ఆయన చేసిన అన్నిటిలోకి ఇదే పెద్దది. బైబిల్ స్టడీలో నిద్రకు తూగే తమ్ముణ్ణి గద్దించడం సులువు, వాడి కోసం పాఠం మార్చుకోవడమే కష్టం.

బానిసత్వాన్ని రద్దు చేసింది ఆయన కాదు. ఆ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 1848 డిసెంబరు 20న ఫ్రెంచి ప్రభుత్వ ప్రతినిధి సార్దా గరిగా ఆ దీవిలో విడుదల ప్రకటించారు. సుమారు 60,000 మంది ఒక్కరోజులో స్వతంత్రులయ్యారు. చేతిలో భూమి లేదు, డబ్బు లేదు. చట్టం తన పని ముగించుకుంది, బ్రదర్ పని మాత్రం ముగియలేదు. కొత్త బతుకుకు అలవాటుపడేదాకా వాళ్ల వెంటే ఉన్నారు.

చివరి పదకొండేళ్లు సాంత్ మరీ అనే ఊళ్లో గడిపారు. ఆరోగ్యం దెబ్బతిన్నా రోగుల్ని చూడడానికి వెళ్లడం, విచారణ గురువుకు సాయపడడం మానలేదు. 1867 ఏప్రిల్ 13న అక్కడే కన్నుమూశారు. ఆ దీవిలో 34 ఏళ్లు సేవ చేశారు. రోము నగరం ఏమీ ప్రకటించకముందే అక్కడి జనం ఆయన్ని పునీతుడని పిలుచుకున్నారు. 1989 మే 2న పోపు రెండవ జాన్ పాల్ ఆ దీవికే వచ్చి ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు. సమాధి సాంత్ మరీలోనే ఉంది. జనం ఇప్పటికీ అక్కడికి వస్తుంటారు.