ప్రతిపక్షమున లాయిడ్ జార్జి

ప్రజలు చెల్లించు పన్నులతో ప్రభుత్వము నడుచును. ఆ ధనమును వ్యయము చేయువారు మంత్రులు. అది దేనికి వ్యయమగుచున్నది, దానివలన ఎవరికి లాభము కలుగుచున్నది అని విచారించువారు ప్రతిపక్ష సభ్యులు. శాంతికాలమున ఇట్టి ప్రశ్న వేయుట కష్టము కాదు. దేశమంతయు యుద్ధావేశమున మునిగియున్నప్పుడు వేయుటకు మాత్రము గుండెనిబ్బరము కావలెను. అట్టి నిబ్బరముతో ప్రాణాపాయమును సైతము లెక్కచేయక నిలిచిన వేల్సు దేశీయుడు డేవిడ్ లాయిడ్ జార్జి.

వేల్సు బ్రిటను దీవికి పడమట నున్న కొండల సీమ. అచ్చటి ప్రజలకు తమదైన వెల్షు భాష కలదు. లాయిడ్ జార్జి 1863వ సంవత్సరము జనవరి 17వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున వెల్షు దంపతులకు జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. బిడ్డకు రెండేండ్లు నిండకముందే ఆయన మరణించెను. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఉత్తర వేల్సులోని లానిస్టమ్‌డ్వి అను పల్లెలో తన సోదరుని ఇల్లు చేరెను.

మేనమామ రిచర్డు లాయిడ్ చెప్పులు కుట్టి జీవించువాడు. ఆదివారములందు ప్రార్థనామందిరమున ప్రతిఫలము కోరక ధర్మబోధ చేసెడివాడు. మేనల్లుడు న్యాయవాది కావలెనన్నచో ముందుగా నొక పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. దానికి లాటిను, ఫ్రెంచి భాషలు అవసరము. ఆ చెప్పులు కుట్టు మనిషి పగలంతయు పనిచేసి, రాత్రులందు పుస్తకములు ముందిడుకొని, తాను నేర్చుకొనుచు మేనల్లునకు నేర్పెను. ఆ శ్రమ వ్యర్థము కాలేదు. బాలుడు పరీక్షలన్నియు గడచి న్యాయవాది అయ్యెను.

1888లో ఒక వృద్ధుడైన రాతిగని కూలీ మరణించెను. తన కుమార్తె సమాధి ప్రక్కనే తన్ను పూడ్చవలెనని అతని కోరిక. మతాచారభేదము కారణముగా అచ్చటి మతాధికారి అందుకు అంగీకరింపలేదు. లాయిడ్ జార్జి ఆ కుటుంబము పక్షమున వాదించి, పై న్యాయస్థానమున విజయము సాధించెను. ఆయన పేరు వేల్సు అంతట మారుమ్రోగెను. 1890లో జరిగిన ఉపఎన్నికలో కార్నార్వన్ ప్రాంతమునుండి ఆయన కామన్సు సభకు ఎన్నికయ్యెను. ఆధిక్యము 18 ఓట్లు మాత్రమే. ఆ కాలమున సభ్యులకు జీతము లేదు. తమ్ముడు విలియం స్వస్థలమున న్యాయవాదవృత్తి సాగించి కుటుంబమును పోషించుచుండగా, అన్న లండనులో ప్రజాకార్యమునకు పూనుకొనెను.

1895లో లాయిడ్ జార్జి చేరియున్న లిబరలు పక్షము అధికారము కోల్పోయెను. మరుసటి సంవత్సరమే కొత్త ప్రభుత్వము ఒక బిల్లును ప్రవేశపెట్టెను. సాగుభూములపై స్థానిక సంస్థలు విధించు పన్నును సగమునకు తగ్గించి, ఆ లోటును ఖజానానుండి పూరింపవలెనని దాని సారాంశము. పైకి చూచినవారికి అది రైతుకు మేలు చేయు చట్టమువలె కనబడెను. లాయిడ్ జార్జి దానిని లోతుగా పరిశీలించెను. పన్ను తగ్గిన మేరకు భూస్వాములు కౌలు పెంచుదురనియు, తుదకు ఖజానా ధనము వారి పెట్టెలలోనే చేరుననియు వాదించెను. మంత్రులలో పలువురు గొప్ప భూస్వాములు. ఈ చట్టమువలన వారికి చేకూరు లాభమును ఆయన లెక్కగట్టి సభ యెదుట నుంచెను. చర్చను త్వరగా ముగింపజూచిన ప్రభుత్వమునకు నిరసనగా, ఓటింగు సమయమున తన స్థానము వదలుటకు నిరాకరించెను. అందులకు శిక్షగా ఒక వారము సభనుండి బహిష్కృతుడయ్యెను. బిల్లు నెగ్గెను. కాని అంకెలతో మంత్రుల నెదుర్కొనగల యువకుడొకడు సభలో కలడని దేశము గ్రహించెను.

ఆ కాలమున కష్టించి ముసలివారైన పేదలకు బిచ్చమో, పేదలశాలయో తప్ప వేరు గతి లేకుండెను. వారికి భరణము నేర్పరచు విషయమును విచారించుటకు 1899లో సభ ఒక సంఘమును నియమించెను. లాయిడ్ జార్జి అందొక సభ్యుడు. 65 ఏండ్లు నిండిన యోగ్యులైన పేదలకు వారమునకు 5 మొదలు 7 షిల్లింగుల వరకు ఇయ్యవలెనని ఆ సంఘము సూచించెను. ఆ సూచన ఆచరణకు రాకముందే దక్షిణాఫ్రికాలో యుద్ధము మొదలయ్యెను.

డచ్చి సంతతివారైన బోయరులకు అచ్చట ట్రాన్స్‌వాలు, ఆరెంజి ఫ్రీ స్టేటు అను రెండు రాజ్యము లుండెను. ట్రాన్స్‌వాలులో బంగారు గనులు కలవు. 1899 అక్టోబరులో బ్రిటనునకును ఆ రాజ్యములకును పోరు ప్రారంభమయ్యెను. ఆరంభమున ప్రభుత్వము కోరిన ధనము ఒక కోటి పౌనులు. యుద్ధము ముగియునప్పటికి వ్యయము 20 కోట్ల పౌనులను మించెను. ముసలివారి భరణమునకు ధనము లేదన్న ప్రభుత్వమునకు ఫిరంగిగుండ్లకు ధనమెట్లు దొరకెనని లాయిడ్ జార్జి ప్రశ్నించెను. లిబరలు పక్షమువారే పలువురు యుద్ధమును సమర్థించుచున్న దినములవి. ఆయనకు వకాలతు లిచ్చువారు తగ్గిరి. పాఠశాలలో ఆయన కుమారుని తోటి బాలురు బాధించిరి. 1900 ఏప్రిలులో బాంగరు పట్టణమున సభ ముగించుకొని వచ్చుచుండగా ఒకడు కర్రతో ఆయన తలపై కొట్టెను. అయినను ఆ యేటి సాధారణ ఎన్నికలో ఆయన 296 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను.

ఆ డిసెంబరులోనే ఆయన మరియొక కఠినమైన విషయమును సభలో లేవనెత్తెను. వలసరాజ్యాల మంత్రి జోసెఫ్ చేంబర్లేను యుద్ధమునకు ప్రధాన సమర్థకుడు. యుద్ధసామగ్రిని ప్రభుత్వమునకు అమ్ము సంస్థలలో ఆయన బంధువులకు భాగములుండెను. ప్రభుత్వముతో గుత్తలు కుదుర్చుకొను సంస్థలలో మంత్రులకు ప్రత్యక్షముగాగాని పరోక్షముగాగాని లాభసంబంధ ముండరాదని లాయిడ్ జార్జి ప్రతిపాదించెను. సభ దానిని త్రోసిపుచ్చెను. కాని ఆ నియమము సరియైనదని పిమ్మట రాజ్యకార్యములు నడపినవారందరు ఒప్పుకొనక తప్పలేదు.

యుద్ధము సాగినకొలది బ్రిటిషు సేనలు బోయరుల పొలములను, ఇండ్లను తగులబెట్టి, స్త్రీలను పిల్లలను శిబిరములలో నిర్బంధించెను. ఎమిలీ హాబ్‌హౌసు అను ఆంగ్లవనిత ఆ శిబిరములను స్వయముగా చూచి, ఆకలివలనను రోగములవలనను పిల్లలు మరణించుచున్న తీరును లండనుకు వచ్చి తెలిపెను. 1901 జూన్ 17వ తేదీన లాయిడ్ జార్జి ఈ విషయమును కామన్సు సభలో చర్చకు తెచ్చెను. ఓటింగున ఓడిపోయినను ప్రభుత్వము కదలక తప్పలేదు. స్త్రీలతోనే కూడిన విచారణ సంఘమొకటి ఆఫ్రికాకు వెళ్ళి, పరిస్థితి ఘోరముగా నున్నట్లు నిర్ధారించెను. ఆ తరువాత శిబిరములు కొంత బాగుపడి మరణములు తగ్గెను. అప్పటికే జరిగిన నష్టము అపారము. ఆ శిబిరములలో మరణించిన బోయరు పిల్లలే 20,000 మందికి పైబడిరి. వేరు శిబిరములలో నుంచబడిన ఆఫ్రికను నల్లజాతివారును వేలకొలది మరణించిరి.

ఆ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఆయన బర్మింగ్‌హాములో ఉపన్యసింప బూనెను. అది చేంబర్లేనుకు పెట్టనికోట. పురభవనమును వేలకొలది జనము చుట్టుముట్టి, కిటికీలు పగులగొట్టి, లోపలికి చొరబడెను. ప్రాణనష్టము కూడ జరిగెను. తుదకు లాయిడ్ జార్జి పోలీసు దుస్తులు, టోపీ ధరించి, పోలీసుల వరుసలో కలిసి నడచి బయటపడెను. ఇంత జరిగినను ఆయన తన మాటను మార్చుకొనలేదు.

1905 చివర లిబరలు పక్షము అధికారమునకు వచ్చెను. 1908లో లాయిడ్ జార్జి ఆర్థికమంత్రి అయి, వృద్ధుల భరణపు చట్టమును సభలో నెగ్గించెను. 1909 జనవరి 1వ తేదీనుండి 70 ఏండ్లు నిండిన పేదలకు వారమునకు 5 షిల్లింగుల వరకు ముట్టజొచ్చెను. 1911లో కార్మికులకు రోగము, నిరుద్యోగము కలిగినప్పుడు సాయపడు భీమా చట్టము వచ్చెను. 1916 మొదలు 1922 వరకు ఆయన ప్రధానమంత్రిగా నుండెను.

అధికారము చేతికి వచ్చిన పిమ్మట, ఇతరులను కొలిచిన కొలతతోనే ఆయనయు కొలవబడవలసి వచ్చెను. 1912లో ఆయన మార్కోని పేరుగల అమెరికా సంస్థలో వాటాలు కొనెను. దాని సోదరసంస్థకు బ్రిటిషు ప్రభుత్వముతో గుత్త కుదురుచున్న సమయమది. 1913లో సభా సంఘము విచారించెను. అధిక సంఖ్యాకులు ఆయన అవినీతికి పాల్పడలేదనిరి. అయినను తాను జాగ్రత్త వహింపలేదని సభలో ఆయన ఒప్పుకొనవలసివచ్చెను. బోయరుల స్వాతంత్ర్యము కొరకు దెబ్బలు తిన్న ఆ మనిషి ప్రధానిగా నున్న కాలముననే, 1919లో, జలియన్‌వాలా బాగు ఘోరము జరిగెను. భారతీయుల స్వాతంత్ర్యకాంక్షకు ఆయన అండ లభింపలేదు.

1922 తరువాత లాయిడ్ జార్జి మరల మంత్రిపదవి చేపట్టలేదు. 1940 మే 8వ తేదీన, 77 ఏండ్ల వయసున, ఆయన ప్రభుత్వమును విమర్శించుటకు సభలో మరియొకమారు లేచెను. నార్వేలో బ్రిటిషు సేనలు విఫలములైన సమయమది. అప్పటి ప్రధాని నెవిలు చేంబర్లేను, ఆనాటి జోసెఫ్ చేంబర్లేను కుమారుడు. ఆయన పదవిని విడుచుటయే దేశమునకు మేలని లాయిడ్ జార్జి నిర్మొగమాటముగా చెప్పెను. రెండు దినములకు చేంబర్లేను రాజీనామా చేసెను.

1945 మార్చి 26వ తేదీన లాయిడ్ జార్జి లానిస్టమ్‌డ్విలో కన్నుమూసెను. మేనమామ చెప్పులు కుట్టిన ఆ పల్లెలోనే, డ్వివోరు నది యొడ్డున ఆయన సమాధి కలదు. ఆయన తెచ్చిన ప్రతిపాదనలు పెక్కు ఓటింగున ఓడిపోయినవి. కాని నాడు ఓడిన ప్రశ్నలే పదేండ్లు తిరుగకముందు ముసలివారికి భరణమయ్యెను. శిబిరములలో మిగిలిన పిల్లలకు ప్రాణమయ్యెను. సభలో ఓడిపోవుదునని తెలిసియు అడుగవలసిన ప్రశ్నను అడుగుటయే ప్రతిపక్ష సభ్యుని ధర్మము.