యర్రగుంట్ల పేరయ్యగారు

తిరుపతినుండి గూడూరు మీదుగా ఉత్తరమునకు పోవు రైలుబండి నెల్లూరు దాటి ఒంగోలు చేరును. ఒంగోలునకు పడమటగా సుమారు నలుబది మైళ్ల దూరమున తాళ్లకొండపాడను పల్లె కలదు. అదియు మన సీమవలెనే మెట్టభూమి. వాన కురిసిన జొన్న, కురియనిచో పస్తు. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున ఆ పల్లె మాదిగవాడలో యర్రగుంట్ల పేరయ్యగారు కాపురముండిరి. ఆ వాడలోనివారి పేరునకు గారు చేర్చి పిలుచు వాడుక ఆ దినములలో లేదు. ఈ వ్యాసమున చేర్చుచున్నాను.

ఆ వాడవారి బ్రతుకెట్టిదో ముందుగా తెలిసికొననిదే ఆయన చేసిన పని యెంతటిదో తెలియదు. విద్యుత్పంపులు వచ్చిన పిదప కపిలతో నీళ్లు తోడుట మన విద్యార్థులలో పలువురు చూచియుండరు. ఇంటిలో తాతగారిని అడిగి తెలిసికొనుడు. ఎద్దులు లాగు ఆ కపిలకు తోలు కుట్టిన బాన కావలెను. బాన చినిగిన తోట యెండును. బానయు, చెప్పులును, కాడికి కట్టు తోలు వారులును మాదిగవాడయే చేసి యీయవలెను. అందులకు కూలి డబ్బు లేదు. పంట నూర్చిన నాడు కళ్లములో కొలిచి పోసిన గింజలే కూలి. ఊరిలో పశువు చచ్చినచో దానిని మోసికొని పోవుట వారి విధి. దాని తోలును, మాంసమును వారి హక్కు. జాతర వచ్చినప్పుడు డప్పు కొట్టుటయు వారి వంతే. వారు లేక ఊరు గడవదు. ఐనను ఊరి బావిలో చేద వేయుటకు వారికి అనుమతి లేదు.

పేరయ్యగారు తోళ్ల వర్తకము చేయుచు ఊరూరు తిరుగువారు. బడిమెట్లు త్రొక్కినవారు కారు. కాని వారి మనస్సు ఊరక యుండునది కాదు. వీరమ్మ యను స్త్రీ గురువు నాశ్రయించి రాజయోగము నేర్చిరి. కదలక కూర్చుండి, చూపు నిలిపి, శ్వాసను అదుపులో నుంచి, విగ్రహములలో లేని దేవుని లోన వెదకుట ఆ మార్గము. కొంతకాలమునకు తామే పలువురకు గురువైరి. ఇది వింత గాదు. కడపసీమలో వీరబ్రహ్మముగారు దూదేకుల సిద్దయ్యను, తోలుపని చేయు కక్కయ్యను శిష్యులుగా చేర్చుకొనిరని మన ప్రాంతపు పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. గుడి వాకిట నిలువ వీలులేని వారికి అట్టి గురువుల గుడిసెలే గుళ్లయ్యెను. పేరయ్యగారి కథ చెప్పువారు కొందరు ఈ యోగాభ్యాసమును చీకటి కాలమని ఒక్క వాక్యముతో దాటివేయుదురు. అది నాకు న్యాయముగా తోచదు. మనస్సును ఒకచోట నిలుపుట నేర్చినది వారక్కడనే.

వర్తకముమీద ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరులో అలెగ్జాండరు దొరగారి బోధ వారి చెవిని పడెను. తాము వెదకుచున్న దేవుడే మనుష్యుడై వచ్చి, దిక్కులేనివారి నడుమ తిరిగి, సిలువమీద మరణించెనని వినిరి. ఇంతకాలము దేవుని చేరుటకు తాము ఎక్కవలసిన మెట్లను లెక్కించుకొనుచుండగా, దేవుడే ఆ మెట్లు దిగి వచ్చెనను మాట వారికి క్రొత్తది. ఒంగోలున మిషను బంగళా యుండెను గాని అందు నిలుకడగా దొరయెవ్వరును లేరు. 1866వ సంవత్సరమున నెల్లూరునుండి లైమన్ జూయెట్ దొరగారును, దేశమునకు వచ్చి ఇంకను ఏడాది నిండని జాన్ క్లౌ దొరగారును ఒంగోలునకు వచ్చిరి. పేరయ్యగారు భార్య నాగమ్మగారితో కూడ అక్కడికి వచ్చి బాప్తిస్మము పొందిరి.

అప్పటికి ఆ నెల్లూరు మిషను స్థితి యెట్లుండెనో తలచుకొనుడు. 1840లో ప్రారంభమై యిరువదియైదేండ్లు గడచినను ఫలము మిక్కిలి కొద్ది. దానిని మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు ఒకటికంటె నెక్కువ మారులు ఆలోచించిరి. దొరలు వెదకి పట్టుకొనలేని మనుష్యుడు తనంతట తానే నడచి వచ్చెనన్న మాట.

పేరయ్యగారు ఇంటికి పోయి యూరకుండలేదు. పూర్వము యోగము చెప్పిన ఇండ్లకే మరల వెళ్లి, తాము వినినది చెప్పిరి. 1866 సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలున స్థిరపడిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట ఎనిమిదిమందితో సంఘ మేర్పడెను. ఆ నెలలోనే పేరయ్యగారి పిలుపుమీద దొరగారు తాళ్లకొండపాడు ప్రాంతమునకు పోగా, చుట్టుపట్ల పల్లెలనుండి ముప్పది నలుబదిమంది మూటలు కట్టుకొని వచ్చి చెట్లనీడను దిగియుండిరి. కొన్ని దినములు విని, ప్రార్థించి, వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారికి భాష ఇంకను అలవడుచుండెను. ఆ ప్రజలను సిద్ధపరచినది పేరయ్యగారే యని వేరుగ చెప్పనక్కరలేదు.

వచ్చినవారిని ఒంగోలు మిషను మూడు నియమములు కోరెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. కాగితముమీద ఇవి చిన్నవి. ఊరిలో ఏమి జరుగునో చూడుడు. ఆదివారమునాడు బాన చినిగినది, రైతు కబురంపెను, కుట్టువాడు రేపు వత్తుననెను. నాటివరకు ఆ వాడలో రేపు అను మాట పలికినవాడు లేడు. జాతర వచ్చెను, డప్పు మ్రోగలేదు. ఊరి పెద్దలకు అది మతభేదముగా గాక ధిక్కారముగా కనబడెను. కళ్లము గింజలు నిలిపివేయుటయు, దారులు కట్టివేయుటయు, కొట్టుటయు, లేని నేరములు మోపుటయు పలుచోట్ల జరిగెను.

రెండవ నియమము వీటన్నిటికంటె కఠినము. సంవత్సరములో సగము దినములు గంజియే దిక్కైన ఇంట దొరకు మాంసము అదియొక్కటే. దానిని తినుచున్నారని ఏ ఊరు వారిని చీదరించుకొనెనో ఆ ఊరే ఆ తిండిని వారికి వాటాగా విధించెను. ఆకలితో నున్నవాడు తన హక్కైన తిండిని తానే వద్దనుట ఉపవాసమువంటిది కాదు; ఉపవాసమునకు మరునాడు భోజనము గలదు. తాను ఇతరులు విసరివేసిన దానితో బ్రతుకుటకు పుట్టినవాడననెడి తలపును తీసివేయనిదే ఆ పని యెవ్వరికిని సాధ్యము కాదు. మనస్సు క్రొత్తదగుటనుగూర్చి పౌలు రోమా సంఘమునకు వ్రాసినదానిని మనము బైబిలు గంటలో చదువుదుము. ఆ వాడలలో అది కుండలోను కళ్లములోను జరిగెను. పేరయ్యగారు ఏండ్ల తరబడి శ్వాసను బిగబట్టుట అభ్యసించిరి. ఐనను ఆదివారమునాడు కరణము పిలుపు విని ఇంట కూర్చుండుట అంతకంటె కష్టమని నా తలపు. యోగాసనమునందు వారొక్కరే కూర్చుండిరి. ఇప్పుడు వాడ యంతయు కూర్చుండవలెను.

ఇచ్చట ఒక మాట. డప్పు విడుచుటవలన ఒక గొప్ప విద్య కొన్ని వాడలలో తగ్గెనని నేడు చింతించువారున్నారు. వారి మాట త్రోసివేయదగినది కాదు. కాని ఆ కాలమున డప్పు విద్యగా గాక వెట్టిగా నుండెను. విడిచినవారు విడిచినది వెట్టిని.

మారవలసినది వాడ మనస్సు మాత్రమే కాదు. ఒంగోలులో క్లౌ దొరగారు స్థాపించిన బడికి పెద్ద కులముల బాలురు వచ్చుచుండిరి. వారిద్వారా పట్టణమంతయు సువార్త వినునని దొరగారి ఆశ. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని పట్టణపువారు తెలిపిరి. దొరగారు నిజముగానే కలవరపడిరి. ఒకనాటి సాయంకాలము వారు ఒక గదిలో, దొరసానిగారు మరియొక గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగము తెరచి చదివిరి. అది మొదటి అధ్యాయపు చివర, లోకము లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకొనుటనుగూర్చిన భాగము. ఇద్దరును దానిని ఆజ్ఞగా తలచిరి. వాడవారు లోనికి వచ్చిరి. పెద్ద కులముల బాలురు బడి విడిచి పోయిరి. దేశమునకు నేర్ప వచ్చినవారు నేర్చుకొనవలసి వచ్చెను. ఆ పాఠమునకు కారణము తాళ్లకొండపాటినుండి నడచి వచ్చిన మనుష్యుడు.

పది సంవత్సరములకు 1876–78 మహాక్షామము వచ్చెను. మన రాయలసీమయంతయు దానిలో మాడిపోయెను. ఒంగోలు ప్రాంతమును అట్లే. క్లౌ దొరగారు యౌవనమున తమ దేశములో భూములు కొలిచినవారు గనుక, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. అన్నము కొరకు మతములో చేరుదురేమో యను శంకచే పదునైదు నెలలు ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. క్షామపు పని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఆరుగురు దేశీయ బోధకులు వంతులవారిగా దిగి 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. దొరగారు తాము నీటిలోనికి దిగలేదు. ఈ సంఖ్యను మన సభలలో తరచుగా చెప్పుదురు. చెప్పునప్పుడు దానికి ముందటి పండ్రెండేండ్లను మరతురు. ఆ పండ్రెండేండ్లును ఆదివారములును, పస్తులును, మ్రోగని డప్పులునే.

పేరయ్యగారు తమ కథను తాము వ్రాసికొనలేదు. క్లౌ దొరగారి రెండవ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు ఆ తరపు వృద్ధులను కూర్చుండబెట్టి వారు చెప్పినది వ్రాసికొని, 1899లో చెప్పులు కుట్టుచు అను అర్థమిచ్చు పేరుతో ఆంగ్లమున పుస్తకముగా ప్రకటించిరి. పేరయ్యగారి యోగాభ్యాసపు దినములును, వీరమ్మ అను గురువు పేరును అందులోనివే.