స్త్రీపాత్రధారి మెయ్ లాన్‌ఫాంగ్

చైనా సంప్రదాయ నాటకరీతులలో పెకింగ్ ఒపేరా మిక్కిలి ప్రసిద్ధమైనది. 1790లో చియన్‌లాంగ్ చక్రవర్తి ఎనభయ్యవ జన్మదినోత్సవం సందర్భంగా అన్‌హుయ్ ప్రాంతపు నాటక బృందాలు బీజింగ్ నగరానికి తరలివచ్చాయి. వారి సంగీతం ఇతర ప్రాంతాల బాణీలతో కలిసి కాలక్రమంలో ఈ రూపం ఏర్పడింది. రంగస్థలంపై ఒక బల్ల, రెండు కుర్చీలు తప్ప అలంకరణ ఉండదు. నటుడు కొరడా ఝుళిపిస్తూ కదిలితే అది గుర్రపు స్వారీ, తెడ్డు పట్టి మెల్లగా ఊగితే అది నదీప్రయాణం. భరతముని నాట్యధర్మి అని పేర్కొన్న పద్ధతికి ఇది ఎంతో సన్నిహితం. వీరుల, ప్రతినాయకుల ముఖాలకు పూసే రంగులలో ఎరుపు విశ్వాసానికి, తెలుపు కుటిలత్వానికి గుర్తులు. చింగ్ వంశపు పాలనలో రాజధాని రంగస్థలంపై స్త్రీలు నటించడం నిషిద్ధం. అందువల్ల స్త్రీపాత్రలను పురుషులే ధరించేవారు. కూచిపూడి భాగవతుల సత్యభామను, స్థానం నరసింహారావు నటనను ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు. చైనీయులు స్త్రీపాత్రను దాన్ అంటారు. ఆ దాన్ పాత్రలకు ప్రపంచఖ్యాతిని ఆర్జించిపెట్టినవాడు మెయ్ లాన్‌ఫాంగ్.

ఆయన 1894 అక్టోబరు 22న బీజింగ్‌లో జన్మించాడు. తాత మెయ్ చియావోలింగ్ ఆ తరంలో పేరెన్నికగన్న నటుడు. తండ్రి చిన్న వయసులోనే మరణించడంతో పసివాడి పెంపకం పెదతండ్రి మెయ్ యుతియన్‌పై పడింది. ఆయన నాటకాలలో పాటకు తోడుగా మోగే జింగ్‌హు అనే రెండు తీగల వాద్యంలో దిట్ట. కుటుంబంలో ఇంత కళ ఉన్నా బాలుడు మొదట మందమతిగానే కనిపించాడు. రెప్పలు వాలిన కళ్ళు, చురుకుదనం లేని చూపు. ఎన్నిసార్లు చెప్పినా నాలుగు చరణాలు నోటికి రాకపోయేసరికి తొలి గురువు ఇతనికి ఈ విద్య అబ్బదని తేల్చి విడిచి వెళ్ళాడు.

తరువాత వచ్చిన ఊ లింగ్‌షియన్ ఓర్పు గలవాడు. ఒక పళ్ళెం, కొన్ని రాగి నాణేలు దగ్గర పెట్టుకొని, శిష్యుడు పాటను ఒకసారి పాడితే ఒక నాణెం పళ్ళెంలోకి జరిపేవాడు. నాణేలన్నీ పళ్ళెంలోకి చేరిన తరువాత మళ్ళీ మొదటినుంచి లెక్క. ఆ కాలపు నాయికల చిన్నపాదాల నడకకోసం కాళ్ళకు కొయ్యపాదాలు కట్టుకొని ఇటుకపై నిలబడవలసి వచ్చేది. చలికాలంలో గడ్డకట్టిన మంచుపై నడిచేవాడు. ఇక కళ్ళ సంగతి. ఆయనకు పావురాలను పెంచడం సరదా. ఆకాశంలో ఎగిరే పావురాలను ఏళ్ళ తరబడి చూపుతో వెంబడించడం వల్ల మందమైన ఆ కళ్ళకు కాంతి, చలనం కలిగాయి. తరువాతి కాలంలో ప్రేక్షకులు ముందుగా మెచ్చుకొన్నది ఆ కళ్ళనే.

1904లో, పదేళ్ళు నిండకముందే, ఆయన రంగప్రవేశం చేశాడు. 1913లో షాంఘై నగరం ఆయనకు జేజేలు పలికింది. అంతవరకు స్త్రీపాత్రలు స్పష్టమైన తెగలుగా విడిపోయి ఉండేవి. గౌరవనీయురాలైన ఇల్లాలు కదలక నిలిచి పాడాలి. చిలిపి యువతి ఆడుతూ మాట్లాడాలి. యుద్ధనారి కత్తి తిప్పాలి. ఒక తెగ నటుడు మరొక తెగలో అడుగు పెట్టరాదు. మెయ్ ఈ గోడలను తొలగించి, గానం, అభినయం, నృత్యం, యుద్ధవిన్యాసం ఒకే పాత్రలో మేళవించాడు. పండితుడు చి రూషాన్ ఆయనకు నాటకాలు కూర్చడంలో, ప్రాచీన నృత్యాలను పునరుద్ధరించడంలో తోడ్పడ్డాడు. 1917లో ప్రదర్శించిన దివ్యకన్య పుష్పవృష్టి నాటకానికి మూలం వైశాలీ నగరవాసి విమలకీర్తి పేరిట వెలసిన బౌద్ధసూత్రం. 1922లో వచ్చిన నాటకంలో ఓటమి అంచున నిలిచిన చూ రాజు షియాంగ్ యూను ఓదార్చడానికి ప్రియురాలు యూ జంట కత్తులతో నర్తించి, ప్రాణత్యాగం చేస్తుంది. ఆయన పేరు చెప్పగానే చైనీయులకు స్ఫురించే ఘట్టం అదే.

1919లో, 1924లో ఆయన జపాన్‌లో ప్రదర్శనలిచ్చాడు. 1924 మే నెలలో బీజింగ్ వచ్చిన రవీంద్రనాథ ఠాగూరు ఎదుట లువో నది దేవత పాత్ర ధరించాడు. ఠాగూరు విసనకర్రపై కవిత రాసి ఆయనకు కానుకగా ఇచ్చాడు. 1930లో అమెరికా పర్యటనలో రెండు విద్యాసంస్థలు ఆయనకు గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. 1935లో మాస్కోలో ఆయనను చూసినవారిలో స్తానిస్లావ్‌స్కీ, ఐసెన్‌స్టీన్, జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ ఉన్నారు. బ్రెక్ట్ చైనా నటనపై ఒక ప్రసిద్ధ వ్యాసమే రాశాడు. అందులో మెయ్ కళకన్నా బ్రెక్ట్ సిద్ధాంతమే ఎక్కువగా కనిపిస్తుందన్నది వేరే విషయం.

ఇంతలో దేశానికి ఆపద ముంచుకొచ్చింది. 1931లో జపాన్ సేనలు మంచూరియాను ఆక్రమించాయి. మరుసటి సంవత్సరం మెయ్ షాంఘైకి తరలివెళ్ళి, పూర్వకాలపు దండయాత్రల కథలతో నాటకాలు ఆడి ప్రజలలో ధైర్యం నింపాడు. 1937లో షాంఘై కూడా శత్రువశమైంది. 1938లో హాంకాంగ్ వెళ్ళి, ప్రదర్శనల అనంతరం అక్కడే నిలిచిపోయాడు. 1941 డిసెంబరులో హాంకాంగ్ సైతం జపాన్ సేనల చేతికి చిక్కింది. తమ పాలనలో అంతా ప్రశాంతంగా ఉన్నదని లోకానికి చాటడానికి ఆక్రమణదారులకు ఇటువంటి నటుడు కావాలి. ఆయన ఒక్కసారి వేదిక ఎక్కితే చాలు. తుపాకులు వారి చేతిలో ఉన్నందున నేరుగా నిరాకరించడం ప్రాణాపాయం.

మెయ్ మీసం పెంచడం మొదలుపెట్టాడు. జీవితమంతా తనలోని పురుషుణ్ణి ప్రేక్షకుల కంటబడకుండా దాచిన నటుడు ఇప్పుడు ఆ పురుషుణ్ణే ముఖంపై నిలుపుకొన్నాడు. మీసమున్నవాడు నాయిక పాత్ర ధరించలేడు కదా. 1942లో తిరిగి షాంఘై చేరాక ఒత్తిడి మరింత పెరిగింది. ఒక సందర్భంలో తప్పించుకొనే దారి లేక, వరుసగా టైఫాయిడ్ టీకా సూదులు వేయించుకొని తీవ్రజ్వరం తెచ్చుకొన్నాడు. పరీక్షించడానికి వచ్చిన సైనిక వైద్యుడికి మంచంపై నిజమైన రోగియే కనిపించాడు. ఆదాయం ఆగిపోయింది, పోషించవలసిన కుటుంబం ఉన్నది. బీజింగ్‌లోని ఇల్లు అమ్మాడు. వినోదంగా నేర్చుకొన్న చిత్రకళ అక్కరకు వచ్చింది. రాత్రులు మేలుకొని పూలు, పక్షులు, బుద్ధప్రతిమలు చిత్రించి విక్రయించాడు. నటుడికి నలభైనాలుగు నుండి యాభై దాకా గడిచే ఏళ్ళు తిరిగిరానివి. వాటిని ఆయన వేదికకు దూరంగానే గడిపాడు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. మీసం తీసివేసి అక్టోబరులో వేదిక ఎక్కాడు. సాధన తప్పిన కంఠం మునుపటి స్థాయికి అందలేదు. అందుచేత వేణువు తోడుగా పాడే ప్రాచీన కున్‌చూ రీతి నాటకాలతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పూర్వస్వరాన్ని రాబట్టుకొన్నాడు. 1956లో మళ్ళీ జపాన్ వెళ్ళి అక్కడి ప్రజల ఎదుట నటించాడు. ఆయన చివరి కొత్త నాటకం 1959లో వచ్చింది. ఏళ్ళ తరబడి యుద్ధరంగానికి దూరమైన వీరనారి మూ గుయ్‌యింగ్ దేశంకోసం మళ్ళీ సేనాధిపత్యం స్వీకరించడం అందులోని కథ.

1961 ఆగస్టు 8న గుండెజబ్బుతో ఆయన బీజింగ్‌లో కన్నుమూశాడు. తండ్రి బాటలో స్త్రీపాత్రలు చేపట్టిన కుమారుడు మెయ్ బావోజియు, 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవం ఆ నాటకాలను నిషేధించడంతో ఏళ్ళపాటు వేదికకు దూరమయ్యాడు. నిషేధం తొలగిన తరువాత మళ్ళీ ఆ వేషాలు కట్టి, శిష్యులకు తండ్రి బాణీని నేర్పుతూ 2016లో మరణించాడు.